వాన నీటిని తోడే మోటారు గొట్టాన్ని సెప్టిక్ ట్యాంకుకు కలపవచ్చా?

ప్రశ్న: నాగావళి గట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా, పల్లంలో ఉన్న ఒక కాలనీలో నాలుగు సెంట్ల స్థలంలో మా ఇల్లు ఉంది. మా నాన్నగారు కట్టించిన కాలంలో వీధి కంటే మా గుమ్మం రెండు మెట్లు ఎత్తులో ఉండేది. తరువాత రోడ్డు మీద రోడ్డు పడుతూ వచ్చి, ఇప్పుడు వీధే మా పెరటి కంటే దాదాపు అడుగున్నర ఎత్తుకు చేరింది. గట్టి వాన కురిసినప్పుడల్లా పెరట్లో నీరు నిలిచిపోతున్నది; వీధి కాలువలోకి అది దానంతట అది పోయే దారి లేదు.

ఈసారి వానలు ముదరక ముందే పెరటి మూలన గుంత తవ్వించి, వరలు దింపి, నీట మునిగి పనిచేసే అర హార్సుపవరు మోటారు పెట్టించాలని నిశ్చయించుకున్నాము. మోటారు తోడిన నీటిని ఎక్కడికి పంపాలన్న దగ్గర సందేహం వచ్చింది. సెప్టిక్ ట్యాంకు ఆ గుంతకు పది అడుగుల దూరంలోనే ఉంది కాబట్టి గొట్టాన్ని దానికే కలిపేద్దామని, ట్యాంకు నుంచి నీరు ఎలాగూ ఇంకుడు గుంతలోకి పోయి భూమిలో ఇంకుతుందని, వీధి దాకా గొట్టం లాగాలంటే గచ్చు పగలగొట్టక తప్పదని మేస్త్రీ చెబుతున్నారు. మా అమ్మ మాత్రం వద్దంటున్నది. పోయిన ఏడాది ముసురు పట్టినప్పుడు కింది మరుగుదొడ్డిలో నీరు దిగక పైకి తన్నింది. ఇప్పుడు ఈ నీరు కూడా అందులోనే పోస్తే ఏమవుతుందని ఆమె భయం. పెరట్లో ఒక నుయ్యి కూడా ఉంది. ఇంకుడు గుంతకు, నూతికి మధ్య సుమారు ఇరవై అయిదు అడుగుల దూరం ఉంటుంది. తాగడానికి వాడము గాని గిన్నెలకు, బట్టలకు ఆ నీరే వాడుతున్నాము. తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, విజయనగరం

మీ అమ్మగారి భయం సరైనది. ఆ గొట్టాన్ని సెప్టిక్ ట్యాంకుకు ఎట్టి పరిస్థితిలోనూ కలపనివ్వవద్దు. ప్రజారోగ్య ఇంజనీరింగు పనులలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. వానాకాలంలో ట్యాంకులు పొంగుతున్నాయని వచ్చే ఫిర్యాదులు విచారించినప్పుడు, వాటిలోకి రాకూడని నీరు వస్తుండడమే కారణమని ఎన్నో ఇళ్లలో తేలేది.

సెప్టిక్ ట్యాంకు చేసే పని అంతా నీటి నిలకడ మీద ఆధారపడి ఉంటుంది. ఇంటి మురుగు అందులో కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు కుదురుగా నిలిచినప్పుడే బరువైన మలినం అడుగున మడ్డిగా పేరుకుంటుంది, జిడ్డు తెట్టుగా పైకి తేలుతుంది, ఆ రెంటి నడుమ తేరిన నీరు మాత్రమే టీ ఆకారపు గొట్టం గుండా బయటకు వెళుతుంది. అడుగు మడ్డిని గాలి అక్కరలేని సూక్ష్మజీవులు మెల్లగా కుళ్లబెట్టి తగ్గిస్తూ ఉంటాయి. బయటకు వెళ్లే నీరు కంటికి తేటగా ఉన్నా రోగక్రిములతో నిండినదే. దానిని వడగట్టే మిగతా పని ఇంకుడు గుంత చుట్టూ ఉన్న మట్టిది.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. నాలుగు సెంట్లు అంటే సుమారు 162 చదరపు మీటర్లు. తుపాను రోజున 100 మి.మీ. వాన పడితే మీ స్థలం మీదనే 16,000 లీటర్లకు పైగా నీరు చేరుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 2470 పదిమంది వాడకానికి సూచించే ట్యాంకు 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు, 1 మీటరు నీటి లోతు కలిగి ఉంటుంది. అంటే 1,800 లీటర్లు. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున అయిదుగురున్న ఇంటి వాడకం 675 లీటర్లు కాబట్టి అంతటి ట్యాంకులో మురుగు రెండున్నర రోజులు నిలుస్తుంది. అందులోకి నిమిషానికి 100 లీటర్లు తోడే మోటారు గొట్టం పెడితే 18 నిమిషాలలో ట్యాంకెడు నీరు లోపలికి చొరబడి, అంతే నీటిని బయటకు నెట్టేస్తుంది. ఆ ఉరవడికి అడుగు మడ్డి కదిలి, తెట్టుతో సహా ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. అక్కడ మట్టి సందులు మడ్డితో పూడుకుపోయాక వాన వెలిసినా, వేసవి వచ్చినా అవి తిరిగి తెరుచుకోవు. ఇటువంటి నష్టం ఒకసారి జరిగితే కొత్త గుంత తవ్వడమే తప్ప చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. గచ్చు పగలగొట్టే ఖర్చును దానితో పోల్చి చూసుకోండి.

మోటారు కొనే ముందు మరొక సంగతి ఆలోచించమని నా మనవి. మీ స్థలం మీద పడే నీటిలో ఎంత భాగం మేడ మీద పడుతున్నది? స్థలంలో సగం కట్టడం ఉంటే ఆ 16,000 లీటర్లలో సగం నేల మీద నుంచి పదడుగుల ఎత్తున మొదలవుతున్నట్లే. వీధి మీ పెరటి కంటే అడుగున్నర ఎత్తైనది గాని మీ మేడ కంటే ఎత్తైనది కాదు. పెరట్లోకి దిగుతున్న వాన గొట్టాలను గోడ వెంబడి వాలుగా వీధి వైపుకు తిప్పితే ఆ సగం నీరు కరెంటు లేకుండా, మోటారు లేకుండా కాలువలో పడుతుంది. మన జిల్లాలలో దీనికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి రాని ఊళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వాన ఎక్కువైన వేళనే మోటారు ఆగిపోతుంది కాబట్టి వాలుతో పోగలిగిన నీటిని మోటారు పాలు చేయకూడదు. పెరట్లో నేరుగా పడే నీరు ఒక్కటే మోటారుకు మిగలాలి.

వాన నీటికి విడిగా ఇంకుడు గుంత తవ్వించి, అందులోకి పంపితే సరిపోదా అని మీరు అడగవచ్చు. నీటిమట్టం లోతుగా ఉండే మెట్ట నేలలకు అది చాలా మంచి పద్ధతి. మీది ఏటిగట్టు, వానాకాలంలో మీ నేల అప్పటికే నీటితో నిండి ఉంటుంది. నూతిలో నీరు ఎంత లోతున ఉన్నదో చూసి చెప్పండి. వాన వెలిసిన రాత్రి, ఇంట్లో ఎవరూ నీరు వాడని వేళ, ట్యాంకు చివరి ఛాంబరులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి తెల్లవారాక మళ్లీ చూడండి. వాడకం లేకుండా మట్టం పెరిగితే బయటి నీరు లోపలికి ఊరుతున్నట్లు. మూత తీసేటప్పుడు దగ్గరలో అగ్గిపుల్ల, బీడీ, దీపం వంటివి ఉండకూడదు; లోపలికి వంగి చూడకూడదు.

సమాధానం: పైపుల పని, చీపురుపల్లి

ఇంజనీరు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పని చేసేవాడిగా మోటారు గుంత గురించి కొన్ని మాటలు చెబుతాను.

గుంత రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉంటే మీ పెరటికి సరిపోతుంది. వరలకు చిల్లులు ఉండాలి, వాటి చుట్టూ కంకర పోయాలి. లేకపోతే మన ఏటి ఇసుక లోపలికి జారి మోటారును అరగదీస్తుంది. మోటారును అడుగున నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద నిలబెట్టండి. ఫ్లోటు స్విచ్చి మోటారును వేసే మట్టానికి, ఆపే మట్టానికి మధ్య తగినంత ఎడం లేకపోతే అది నిమిషానికొకసారి ఆన్ అవుతూ, ఆఫ్ అవుతూ కాయిలు కాలిపోతుంది. గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. అది లేకపోతే మోటారు ఆగగానే గొట్టంలోని నీరంతా వెనక్కి వస్తుంది, వీధి కాలువ నిండితే ఆ మురుగు కూడా మీ గుంతలోకి దిగుతుంది. వాల్వుకు కింద, గుంత లోపలే ఉండే గొట్టానికి 3 మి.మీ. చిల్లు ఒకటి వేయించండి. గాలి పట్టి మోటారు తిరుగుతున్నా నీరు ఎక్కని తంటా దానితో తప్పుతుంది.

గచ్చు పగలగొట్టడం గురించి మీ మేస్త్రీ గారు అనవసరంగా కంగారు పడుతున్నారు. గొట్టాన్ని నేలలో పాతవలసిన పని లేదు. ప్రహరీ గోడకు క్లాంపులు కొట్టి పైనుంచే తీసుకుపోయి, కాలువ అంచుకు ఎత్తుగా వదలవచ్చు. ఎండ తగిలే చోట పీవీసీ గొట్టానికి రంగు వేయించండి, లేకపోతే పెళుసెక్కి పగులుతుంది.

కరెంటు విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. నీళ్లలో నిలబడి ప్లగ్గు పెట్టే స్థితి ఎప్పుడూ రాకూడదు. స్విచ్చి బోర్డు నడుము కంటే ఎత్తులో, వాన తగలని చోట ఉండాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే దానంతట అదే ఆపేసే స్విచ్చి) వేయించి, ఎర్తింగు సరిగ్గా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుతో చూపించండి.

మరుగుదొడ్డి గిన్నెలోకి పైకి తన్నడానికి, ఈ మోటారుకు సంబంధం లేదు. అది వేరే జబ్బు. ఈ పని చేసినంత మాత్రాన అది తగ్గుతుందని అనుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు, శ్రీకాకుళం

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు చూశాము. నూతిలో నీరు నేల మట్టానికి నాలుగు అడుగుల లోతులోనే ఉంది. వేసవిలో చాలా కిందికి పోతుంది. ట్యాంకులో పెట్టిన గుర్తు తెల్లవారేసరికి నీటిలో మునిగిపోయింది. ఇంకుడు గుంతలోని నీరు, ట్యాంకులోని నీరు ఒకే మట్టంలో ఉన్నాయి.

ఇంకొక విషయం బయటపడింది. మేడ మీద నుంచి వచ్చే వాన గొట్టాలలో రెండు పెరట్లోకి దిగుతుండగా, వెనుక వైపు గొట్టం నేరుగా సెప్టిక్ ట్యాంకు ముందున్న ఛాంబరులోకి కలిపి ఉంది. అది ఎప్పుడు కలిపారో మాకు తెలియదు. దానిని ఈ ఆదివారమే తీయించి, మూడింటినీ వీధి వైపుకు తిప్పించే ఏర్పాటు చేస్తున్నాము. మోటారు నీరు కూడా ప్రహరీ మీదుగా వీధికే పంపుతాము.

మిగిలినది ట్యాంకు సంగతి. పొంగినప్పుడు ట్యాంకు నుంచి తేరిన నీటిని అదే మోటారుతో వీధి కాలువలోకి తోడేస్తే తాత్కాలికంగా గట్టెక్కుతామని పక్కింటి వారు అంటున్నారు. వారు అలాగే చేస్తున్నారు. అది తప్పా?

సమాధానం: ఆరోగ్య కార్యకర్త, నరసన్నపేట

అమ్మా, అయ్యా, దయచేసి ఆ పని చేయకండి. పక్కింటి వారికి కూడా నచ్చజెప్పండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బోదకాలు ఎంత కాలంగా మనుషులను పీడిస్తున్నదో చెప్పనక్కరలేదు. దానిని మోసుకువచ్చే క్యూలెక్స్ దోమ మంచి నీటి కంటే మురుగు నీటిలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. వీధి కాలువలోకి తోడిన ఆ నీరు వాన తగ్గాక పారకుండా నిలిచిపోతుంది, దోమ పెరగడానికి అంతకంటే అనువైన చోటు లేదు. మీ ట్యాంకు గాలి గొట్టం చివర సన్నని వల ఉన్నదో లేదో కూడా చూడండి. వల లేని గొట్టం గుండా దోమలు ట్యాంకులోకి పోయి అక్కడే పెరుగుతాయి. చిరిగిన వలను మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కానీ ఆ పని చేసే ఇళ్లు చాలా తక్కువ.

నూతి గురించి చెప్పడం నాకు మరింత ముఖ్యమనిపిస్తున్నది. ఇంకుడు గుంతకు, మంచినీటి నూతికి మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరం ఉండాలి. మీకు ఇరవై అయిదు అడుగులే ఉంది. పైగా నీటిమట్టం పైకి వచ్చి గుంతలోని మురుగును తాకుతున్నది, కాబట్టి వడగట్టడానికి మధ్యలో పొడి మట్టి కూడా లేదు. టైఫాయిడు, కామెర్లు, నీళ్ల విరేచనాలు తాగే నీటితోనే రావాలని లేదు. ఆ నీటితో కడిగిన కంచంలో అన్నం తిన్నా, ఆ నీటితో పుక్కిలించినా వస్తాయి. వానాకాలం నాలుగు నెలలూ గిన్నెలకు నూతి నీరు మానేయండి. నేల కడగడానికి, మరుగుదొడ్డికి వాడుకోండి. తప్పనిసరిగా వాడవలసి వస్తే క్లోరినేషను చేయాలి. మామూలు నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు వేసి గంట సేపు ఆగాలన్నది లెక్క. మురుగు కలిసిన నీటికి అది చాలదు, కాబట్టి క్లోరిన్ మిగిలి ఉన్నదో లేదో పరీక్షించాకే వాడాలి. మూత పగిలిన పౌడరు డబ్బా మూలన ఏళ్ల తరబడి ఉంటే దానిలో సత్తువ ఉండదు.

మంచినీటి సంపు నేలలో ఉంటే దాని మూత నేల కంటే ఎత్తుగా ఉండేలా అంచు కట్టించండి. పెరట్లో నిలిచిన నీరు సంపులోకి దిగితే పైన చెప్పినవన్నీ కుళాయిలోకి వస్తాయి.

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, విజయనగరం

మీరు చూసి చెప్పిన వివరాలతో సంగతి తేటపడింది. గుంత, ట్యాంకు ఒకే మట్టంలో ఉన్నాయంటే గుంత పనిచేయడం ఆగిపోయిందని అర్థం. నాలుగు అడుగుల లోతున భూగర్భజలం ఉండగా ఆరేడు అడుగుల లోతైన గుంతలోకి మురుగు ఇంకడం జరగదు. నేలలోని నీరే గుంతలోకి వస్తుంది. రాత్రి మట్టం పెరిగిందంటే ట్యాంకు గోడల గుండా గాని, అడుగు కట్టని వరల ట్యాంకు అయితే అడుగు నుంచి గాని, గుంత నుంచి వెనక్కి గాని నీరు చేరుతున్నది. ఈ మూడింటిలో ఏదైనా తోడితే తగ్గేది కాదు. ఊరి భూగర్భజలాన్నంతా మీ మోటారుతో తోడవలసి వస్తుంది, పక్కింటి వారు ఇప్పుడు చేస్తున్నది ఒక విధంగా అదే. పైగా శుద్ధి కాని సెప్టిక్ ట్యాంకు నీటిని బహిరంగ కాలువలోకి వదలకూడదని ఐఎస్ 2470 కూడా చెబుతున్నది.

భూగర్భజలం 1.8 మీటర్లలోపు ఉన్న చోట ఇంకుడు గుంతకు బదులుగా నేల మట్టానికి పైన, మట్టిదిబ్బలో అమర్చిన ఇంకుడు కందకాన్ని ఆ ప్రమాణం సూచిస్తుంది. అడుగు, గోడలు నీరు చొరని కాంక్రీటుతో కట్టిన కొత్త ట్యాంకు, దాని తరువాత చిన్న ఛాంబరు, ఆ ఛాంబరులో ఒక మోటారు, అక్కడి నుంచి దిబ్బలోని చిల్లుల గొట్టానికి తేరిన నీరు కొద్దికొద్దిగా. మోటారుకు ఈ అమరికలో చోటు ఉంది, అయితే అది ట్యాంకుకు ముందు ఉండకూడదు, తరువాతే ఉండాలి. ఆ ఛాంబరులో నీరు హద్దు దాటితే మోగే గంట ఒకటి పెట్టించుకోండి. నాలుగు సెంట్లలో దిబ్బకు చోటు దొరకడం కష్టమే. ముందు వైపు మొక్కలు పెట్టుకునే జాగా ఉంటే, అది నూతికి దూరంగా ఉంటే, అక్కడ ఆలోచించవచ్చు. చోటు దొరకకపోతే, లేదా మీ నేల బంకమట్టి అయితే, నేలకు ఎత్తుగా కంకర వడపోత తొట్టి కట్టించి, అందులో శుద్ధి అయిన నీటిని మాత్రమే కాలువకు వదలాలి. వార్డు సచివాలయంలో అడిగి, మీ వీధికి భూగర్భ డ్రైనేజీ ఎప్పటికైనా వచ్చే ప్రణాళిక ఉన్నదో లేదో తెలుసుకున్నాకే ఇంత ఖర్చు పెట్టండి.

ఇదంతా ఫిబ్రవరి తరువాత నేల ఆరాక చేయవలసిన పని. ఈ వానాకాలం గడవడానికి వాన గొట్టం తీసివేయడమే మీకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. ట్యాంకు మూతలు పెరటి నీటిలో మునుగుతుంటే వాటి చుట్టూ ఇటుక వరసలు కట్టి ఎత్తు పెంచి, అంచులు సిమెంటుతో మూయించండి. వాషింగు మెషీను ముసురు రోజుల్లో ఆపండి. ఒక్కో విడత బట్టలకు అది వదిలే నీరు తక్కువేమీ కాదు. కింది మరుగుదొడ్డి గొట్టానికి ఛాంబరు దగ్గర వెనక్కి రాని వాల్వు వేయించి, గట్టి వాన రోజుల్లో పై అంతస్తు మరుగుదొడ్డిని కూడా తక్కువగా వాడండి, ఎందుకంటే వాల్వు మూసుకుని ఉన్నప్పుడు పైనుంచి దిగిన నీరు బయటకు పోలేక కిందనే లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: నాగావళి గట్టు, శ్రీకాకుళం

వాన గొట్టాలు మూడూ వీధి వైపుకు తిప్పించాము. నూతి నీటిని వంటింటిలోకి రానివ్వడం లేదు. చివరిగా ఒక్క సందేహం. అక్టోబరు తుపానుల లోపు ట్యాంకును ఒకసారి పూర్తిగా ఖాళీ చేయించి, గోడలకు లోపలి నుంచి పూత పూయిస్తే నీరు ఊరడం ఆగుతుందని, మనిషిని దింపి చేయిస్తానని మేస్త్రీ అంటున్నారు. చేయించవచ్చునా?

సమాధానం: విశ్రాంత ఇంజనీరు, విజయనగరం

మనిషిని దింపవద్దు. ట్యాంకు ఖాళీగా కనిపించినా అందులో హైడ్రోజన్ సల్ఫైడు నిలిచి ఉంటుంది. దాని మోతాదు పెరిగినప్పుడు ముక్కుకు వాసన కూడా తెలియదు, ఒకటి రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు, అతనిని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, అలా దింపించిన ఇంటి యజమాని కూడా నేరస్థుడే అవుతాడు. ఆ మేస్త్రీ గారికి ఈ మాట మీరే గట్టిగా చెప్పండి, వేరే ఇంట్లోనైనా అతను ఎవరినీ దింపకూడదు.

నేల నీటితో నిండి ఉన్నప్పుడు ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయడం కూడా మంచిది కాదు. లోపల బరువు లేనప్పుడు బయటి నీటి ఒత్తిడికి ఇటుక గోడలు లోపలికి కుంగుతాయి, వరలు జరుగుతాయి, ప్లాస్టిక్ ట్యాంకు అయితే ఏకంగా పైకి తేలి గొట్టాలను విరగదీస్తుంది. ఇప్పుడు మరీ పొంగుతుంటే పై నుంచే గొట్టంతో లాగే ట్యాంకరును పిలిపించి సగానికి మించకుండా తీయించండి. సెప్టిక్ ట్యాంకుల శుభ్రతకు ఉన్న సహాయ నంబరు 14420కు ఫోను చేసి గాని, వార్డు సచివాలయంలో చెప్పి గాని ట్యాంకరును రప్పించుకోవచ్చు. పూర్తిగా తీయించడం మార్చి, ఏప్రిల్ నెలల్లో పెట్టుకోండి. అప్పుడు కూడా అడుగున కొద్దిగా మడ్డి మిగల్చమని ట్యాంకరు వారికి చెప్పండి, సూక్ష్మజీవులు మళ్లీ మొదటి నుంచి పుట్టుకురావలసిన అవసరం లేకుండా ఉంటుంది.